ఐదు ముక్కల్లో మేము

రోజుకి నాలుగైదు వందల మెసేజీలు. జుమ్మా రోజైతే వెయ్యి దాటేవి. అందులో సగం గులాబీ పూలు, మక్కా ఫోటోలు, 'ఈ దువా పదకొండు మందికి పంపండి'లు. మిగతా సగంలో మా బతుకులున్నాయి. ఆ సగాన్ని ఈ సగంలోంచి ఏరేంత తీరిక మాకు లేకపోయింది. మిషనుకి అప్పజెప్పాం.

మేము ఆరుగురం. ఫోన్లో నడిచే ఒక గ్రూపుకి పెద్దలం. ఆరుగురమూ మగవాళ్లమే. నలుగురు షేకులు, ఒకరు సయ్యద్, ఒకరు పఠాన్. ఈ లెక్క ముందే చెప్పేస్తున్నాం. తర్వాత మీరు అడిగి చెప్పించుకునే కన్నా అదే మర్యాద.

గ్రూపు పుట్టింది 2020 ఏప్రిల్లో. మొదటి లాక్‌డౌన్. టీవీల్లో పొద్దస్తమానం తబ్లీగీ, తబ్లీగీ. కరోనా గడ్డం పెట్టుకుని టోపీతో తిరుగుతోందన్నట్టు చూపించారు. కూరగాయల బండివాణ్ణి పేరడిగి పంపేస్తున్న రోజులు. మాలో ఒకరి బావమరిది అరటిపళ్ల బండి మూడు రోజులు ఇంటిముందే నిలబడిపోయింది. పళ్లు నల్లబడ్డాయి. ఆ ఫోటో ఒకరికొకరం పంపుకున్నాం. అట్లా పదిమంది, వందమంది, ఆరొందల మంది అయ్యాం. తెలుగులో ఆలోచించే ముస్లింలం. మసీదులో ఉర్దూ, వీధిలో తెలుగు, ఇంట్లో రెండూ కానిదేదో మాట్లాడేవాళ్లం. టీచర్లు, టైలర్లు, పంక్చర్ షాపులవాళ్లు, గాజులమ్మేవాళ్లు, ఆర్టీసీ కండక్టరు ఒకాయన, కువైట్‌లో నర్సులు, అమెరికాలో సాఫ్ట్‌వేర్ పిల్లలు. మమ్మల్ని గురించి ఇంతకాలం ఎవరెవరో మాట్లాడారు, ఇక్కడ మేమే మాట్లాడుకుంటాం అనుకున్నాం. మాట్లాడుకున్నాం కూడా. ఎంత మాట్లాడుకున్నామంటే చదివే దిక్కు లేకుండా పోయింది.

2024 రంజాన్ అయ్యాక మాలో ఒకరి అక్క కొడుకు సలహా చెప్పాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పని చేస్తాడు. "మామూ, ఎందుకంత కష్టం? ఏఐకి ఇచ్చేద్దాం. రాత్రికి రాత్రి అంతా చదివి ఐదు ముక్కల్లో చెప్పేస్తుంది" అన్నాడు. ఏం తీసేయాలో, ఏం ఉంచాలో కాయితం మీద రాసిమ్మన్నాడు. రాసిచ్చాం. ఆ కాయితం సంగతి తర్వాత.

అబద్ధం చెప్పం. హాయిగా ఉండింది. పొద్దున్నే చాయ్ తాగుతూ ఐదు ముక్కలు చదివేవాళ్లం. 'నిన్న సభ్యులు స్కాలర్‌షిప్పుల ఆలస్యం గురించి చర్చించారు.' 'రిజర్వేషన్లు పెంచాలని ఎక్కువమంది అభిప్రాయపడ్డారు.' 'ఒక సభ్యుడు రక్తదాత కోసం అడిగారు, దొరికారు.' శుభ్రమైన తెలుగు. తిట్లు లేవు, గులాబీలు లేవు. ఆడవాళ్లకి చెత్త ఫోటోలు పంపే ఇద్దరు దరిద్రుల్ని పట్టిచ్చింది కూడా ఆ మిషనే. ఆ పని మేము నాలుగేళ్లుగా చెయ్యలేకపోయాం. సరిగ్గా చెప్పాలంటే చెయ్యలేదు. ఒకరు మాలో ఒకరికి దోస్తు.

ఆ ఐదు ముక్కల్నే మేము తీసుకెళ్లి సభల్లో చెప్పేవాళ్లం. "తెలుగు ముస్లింలు ఇలా అనుకుంటున్నారు" అని. విలేకరి ఫోన్ చేస్తే అదే చెప్పేవాళ్లం. మేము కమ్యూనిటీ గొంతు అయిపోయాం, చాయ్ చల్లారే లోపల.

2025 నవంబర్లో ఒంగోలులో ఒక నికాకి వెళ్లాం. దావత్‌లో పక్కన కూర్చున్న ముసలాయన అడిగాడు. "ఆ కర్నూలు వైపు టీచరమ్మని ఎందుకు బాబూ ఎల్లగొట్టారు?"

మేమెవర్నీ ఎల్లగొట్టలేదే అన్నాం. ఆయన మా మొహం వంక చూసి, ప్లేటులోకి చూసుకున్నాడు. "అంతమంది చదివారు. నేను చదివాను. మీరు చదవలేదా?"

ఆ బిర్యానీ ఎట్లా తిన్నామో మాకు గుర్తులేదు.

ఆమె దూదేకుల అక్క. సర్కారు బడిలో పంతులమ్మ. ఆగస్టులో ఒక రాత్రి నాలుగు పేజీల పొడుగు రాసింది. వాళ్ల నాయన చనిపోతే జనాజా దగ్గర ఏం జరిగిందో రాసింది. "ఈయనకి కల్మా వచ్చా?" అని అడిగారట, శవం ముందర. మగ్గం పరుపులు కుట్టి, దూది ఏకి, ఊరందరికీ మెత్తగా నిద్రపట్టించిన మనిషికి ఆరడుగుల నేల ఇవ్వడానికి ప్రశ్నలేసినవాళ్లు బయటివాళ్లు కాదు, మావాళ్లే. షేకులు, సయ్యదులు, పఠాన్లు. దర్గాకి వెళ్లే ఇల్లు, ఊరి జాతరకీ వెళ్లే ఇల్లు, ఇంట్లో ఉర్దూ ముక్క వినపడని ఇల్లు. మీ లెక్కలో మేము యాడుండాం అన్నా అని అడిగింది. రిజర్వేషన్ మాట వచ్చినప్పుడు, దూదేకులవాళ్లు బీసీ-బీలో ఉన్నారుగా, 2007లో వచ్చిన నాలుగు శాతం బీసీ-ఈ మాది, మీకేం పని అంటారు. మసీదు చందా రాసేటప్పుడు మాత్రం మేం ముస్లింలమవుతాం. ఇట్లా రాసింది. "మా నాయన్ని ఆ తురకోళ్లు రెండోసారి చంపినారు" అని ఒక మాట ఉంది అందులో.

మర్నాడు పొద్దున మాకొచ్చిన ఐదు ముక్కల్లో మొదటిది ఇది: 'రిజర్వేషన్ల విషయంలో సభ్యుల మధ్య ఐక్యత కనిపించింది.'

వారం చూసింది ఆమె. ఎవరైనా మాట్లాడతారని. ఇరవై మందో ముప్పై మందో ఓదార్చారు, ఐదారుగురు తిట్టారు. పెద్దలమైన మేము పలకలేదు. పలకలేదంటే, వినలేదు. సెప్టెంబర్లో ఒక్క లైను రాసి వెళ్లిపోయింది. ఆ లైను కూడా మాకు చేరలేదు. మిషను దాన్ని 'ఒకరు గ్రూపు నుంచి నిష్క్రమించారు' అన్న ఖాతాలో కలిపేసింది.

ఒంగోలు నుంచి వచ్చాక ఆరుగురం కూర్చుని పాతవి చేత్తో చదివాం. ఏడాదిన్నర మెసేజీలు. తొమ్మిది రాత్రులు పట్టింది. అన్నీ చదవలేకపోయాం, సగం కూడా కాలేదు. కానీ మిషను ఏమేమి వదిలేసిందో తెలిసింది.

మొట్టమొదట, మాటలు. అంటే రాసినవి కాదు, మాట్లాడి పంపినవి. మా గ్రూపులో ఆడవాళ్లు నూట ఇరవై మంది పైనే. అందులో చాలామందికి రాయడం రాదు, లేదా ఫోన్లో తెలుగు కొట్టడం రాదు. ఖాలాలు, ఫూపీలు మైకు బొమ్మ నొక్కిపెట్టి మాట్లాడి పంపేవాళ్లు. వెనక కుక్కర్ విజిల్, కుట్టుమిషను చప్పుడు, పిల్లాడి ఏడుపు. మేము మిషనుకిచ్చింది రాతలు మాత్రమే. వాళ్ల గొంతులు దాని గుమ్మం కూడా తొక్కలేదు. ఏడాదిన్నర పాటు మేము చెప్పిన 'తెలుగు ముస్లింల అభిప్రాయం'లో ఈ గొంతులు ఒక్కటి లేవు. తలాక్ మీద, బురఖా మీద, ఆడపిల్ల చదువు మీద మేం చేసిన తీర్మానాలు తల్చుకుంటే ఇప్పుడు చెమటలు పడుతున్నాయి.

రెండోది రాత్రి. ఈ సంగతి మా అల్లుడు విడమరిచి చెప్పాడు. మేము వాడింది డబ్బులు కట్టనవసరం లేని రకం. అది ఒక్కసారిలో ఇంత అని హద్దు పెట్టుకుని చదువుతుంది. కంప్యూటర్లో ఇంగ్లీషు అక్షరం ఒక బైటు పడితే మన అక్షరం మూడు పడుతుందట. గుణింతానికి వేరే మూడు, పొల్లుకి వేరే మూడు. షహీద్ అని తెలుగులో రాస్తే పదిహేను బైట్లు. పైగా ఆ మిషన్లు ఎక్కువగా ఇంగ్లీషు తిని పెరిగినవి కాబట్టి తెలుగు మాటని ముక్కలు ముక్కలుగా విరిచి మింగుతాయట. అందుకని రోజు మొత్తం తెలుగు దాని కడుపులో పట్టలేదు. పొద్దున్నుంచి మొదలుపెట్టి, రాత్రి పదింటికో పదిన్నరకో నిండిపోయేది. ఆ తర్వాతవి చదివేదే కాదు. రాత్రి పదిన్నర తర్వాత రాసేది ఎవరు? అంట్లు తోమి, పిల్లల్ని పడుకోబెట్టి, అత్తకి కాళ్లు పిసికి, అప్పుడు ఫోన్ తీసేవాళ్లు. షట్టర్ దించేసి ఇంటికొచ్చిన పంక్చర్ షాపువాళ్లు. మాబోటి మాటకారులు పొద్దున్నే రాసేస్తారు, ఆఫీసు కుర్చీల్లో కూచుని.

మూడోది మాటల జల్లెడ. 2025 మొహర్రంలో పల్నాడు పెద్దాయన ఒకరు వాళ్ల ఊరి పీర్ల చావిడి గురించి రాశాడు. పీర్లనెత్తేది ఎవరు, గుండం తవ్వేది ఎవరు, మాలపల్లె నుంచి వచ్చి డప్పు కొట్టేదెవరు, అన్నీ పేరుపేరునా. ఇమామ్ హుసేన్ షహీద్ అయిన కథ వాళ్ల నాయనమ్మ తెలుగులో ఎట్లా చెప్పేదో రాశాడు. మిషను దాన్ని 'హింసకు సంబంధించినది' అని పక్కన పెట్టింది. కర్బలాలో నీళ్లు లేక చచ్చిపోయినవాళ్ల కోసం పదమూడు వందల ఏళ్లకు పైగా ఏడుస్తున్న ఏడుపు, హింస అట.

ఇది మా ఒక్కరికే వచ్చిన కష్టం కాదని తర్వాత చదువుకుని తెలుసుకున్నాం. ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ నడిపే మెటా, తాను ప్రమాదకరమని జాబితాలో పెట్టినవాళ్ల గురించి ఎవరైనా షహీద్ అని రాస్తే అది పొగడ్తేనని తీసేసేది. వార్త రాసినా, దుఃఖంతో రాసినా, తప్పుపట్టి రాసినా. ఇంకే మాటకీ లేనన్ని రాతలు ఆ ఒక్క మాట వల్ల పోయాయట. 2024 మార్చిలో దాని పర్యవేక్షణ బోర్డే ఈ నిషేధం మోతాదు మించిందని చెప్పింది. ఆ మాటకి చాలా అర్థాలున్నాయని, అది మనుషుల పేరు కూడా అని చెప్పడానికి బోర్డు కావాల్సి వచ్చింది. మా వీధిలో ఏ పిల్లాణ్ణి అడిగినా చెప్పేవాడు.

ఇంకోటి. గూగుల్ వాళ్ల జిగ్సా అనే విభాగం 2017లో ఒక జల్లెడ తెచ్చింది. రాసిన మాట ఎంత విషమో సున్నా నుంచి ఒకటి దాకా మార్కులేసేది. మొదట్లో ఏమైందంటే, ముస్లిం అన్న మాట, నల్లవాళ్ల మాట, గే అన్న మాట ఉత్తగా వాక్యంలో ఉన్నా మార్కులు పెరిగిపోయేవి. ఎందుకంటే ఆ మిషను నేర్చుకున్న రాతల్లో ఆ పేర్లు ఎక్కువగా తిట్ల పక్కనే ఉన్నాయి. తిట్టినవాళ్లు ఎవరో. తిట్టు అయిపోయింది మా పేరు. ఈ లోపాన్ని వాళ్లే ఒప్పుకుని 2019లో దిద్దమని పోటీ కూడా పెట్టారు. మాకిది కొత్తగా అనిపించలేదు. క్లాసులో చరిత్ర పాఠం నడుస్తుంటే పిల్లలంతా వెనక్కి తిరిగి మావైపు చూసేవాళ్లు. ఆ లెక్కే ఇది, మార్కుల్లో.

అదే 2019లో ఖరగ్‌పూర్ ఐఐటీవాళ్లు మరికొందరితో కలిసి ఒక పరిశోధన అచ్చేశారు. జనం రాసుకున్న వందల మాటల్ని కుదించే పద్ధతుల్ని పరీక్షించారు. ఆడవాళ్లు ఇంతమంది, మగవాళ్లు ఇంతమంది, ఈ పార్టీ వాళ్లు, ఆ పార్టీ వాళ్లు. కుదించాక చూస్తే అసలులో ఉన్న పాళ్లు సారాంశంలో లేవు. ఎవరిదో వాటా పెరిగింది, ఎవరిదో తరిగింది. మిషను ఎవరిమీదా పగబట్టి చెయ్యలేదు. దానికి ఎవరు మాట్లాడుతున్నారన్న సోయి లేదు, అంతే.

ఇదంతా చదివాక మాకు ధైర్యమొచ్చింది. తప్పు మిషనుది. అమెరికాది. ఇంగ్లీషుది. మా అల్లుణ్ణి పిలిచి నిలదీశాం. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత ఫోన్లోంచి ఒక ఫోటో తీసి చూపించాడు. మేము మొదట్లో రాసిచ్చిన కాయితం. మాలో సయ్యద్ గారి చేతిరాత, గుండ్రంగా, ముత్యాల్లా.

'గులాబీలు తీసేయి. తిట్లు తీసేయి. ఫార్వర్డులు తీసేయి. ఫిర్కా గొడవలు తీసేయి. కులం గొడవలు తీసేయి.'

"మామూ, ఆమె రాసింది మిషనుకి అర్థం కాక తీసెయ్యలేదు. అర్థమయ్యే తీసేసింది" అన్నాడు. "వదిలేసినవి చూపించు అని అడిగితే చూపిస్తుంది, ఎందుకు వదిలేసిందో కూడా చెప్తుంది. మీరు ఒక్కరోజు కూడా అడగలేదు."

1991లో 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు మాలో కొందరికి ఇరవై ఏళ్లు. 1998లో 'జల్జలా' వచ్చినప్పుడు చేతుల్లో పట్టుకుని ఊళ్లు తిరిగాం. మా కోపమంతా ఒకటే. మమ్మల్ని ఒక్క మాటలో తేల్చేస్తున్నారు, క్రికెట్ మ్యాచ్‌లో, సినిమాలో, పేపర్లో, పోలీస్ స్టేషన్ రిజిస్టర్లో. మేము ఇంతమందిమి ఉన్నాం, ఇన్ని రకాలుగా ఉన్నాం అని గొంతు చించుకున్నాం. ఆ గొంతుతోనే దూదేకుల వాళ్లని, ఫకీర్లని, మెహతర్లని, మా అమ్మీల్ని 'ముస్లింలు' అనే ఒక్క మాటలో కుదించి పెట్టాం. ఐక్యత కోసమన్నాం. శత్రువు ఎదురుగా ఉన్నప్పుడు ఇంటి గొడవలేంటన్నాం. ఏఐ రాకముందు ముప్పై ఏళ్ల నుంచి ఆ పని మేమే చేతులతో చేస్తున్నాం. అది వచ్చి మా చేతుల్లోంచి అందుకుంది.

2024 ఆగస్టులో వక్ఫ్ సవరణ బిల్లు పార్లమెంటు సంయుక్త కమిటీకి వెళ్లింది. దాని మీద 97 లక్షలకు పైగా వినతులు వచ్చాయి. తిండీ నిద్రా మానేసి నిమిషానికొకటి చదివినా ఒక మనిషికి పద్దెనిమిదేళ్లు దాటుతుంది. రేపు ఇట్లాంటివన్నీ మిషన్లే చదువుతాయని ఎవరైనా ఊహించగలరు. ఏం తీసెయ్యాలో రాసిచ్చే కాయితం ఎవరి చేతిరాతలో ఉంటుందో అని భయపడుతున్నాం. భయపడుతూనే గుర్తు చేసుకుంటున్నాం. అప్పుడు మేము కూడా ఒక వినతి రాసి గ్రూపులో పెట్టి, అందరూ ఇదే పంపండి అన్నాం. పీర్ల చావిడి మాన్యం సంగతి అందులో కలపమని ఆ పల్నాడు పెద్దాయన అడిగాడు. పొడుగవుతుందని కలపలేదు.

డిసెంబర్లో ఆమెకి ఫోన్ చేశాం. ఆరుగురం ఒకే గదిలో కూర్చుని, ఎవరు మాట్లాడాలో తేలక, చివరికి వయసులో పెద్దాయన మాట్లాడాడు. మాఫ్ చెయ్ బేటీ అన్నాడు. ఆమె నవ్వింది. కోపంగా కాదు, బళ్లో పిల్లలతో నవ్వినట్టు నవ్వింది.

"నాకు తెలుగులో చెప్పన్నా, అర్థమవుతాది" అంది.

క్షమించమ్మా అన్నాడు ఆయన. మళ్లీ గ్రూపులోకి రమ్మన్నాం. రానంది. ఎందుకు వెళ్లావని అడిగాం. ఆ ఒక్క లైను ఏంటో అప్పటికి చదివాం, అయినా అడిగాం. "తిట్టినోళ్లకి బదులిచ్చినాను. ఓదార్చినోళ్లకి దండం పెట్టినాను. మీరు ఏమీ అనలేదు. తిట్టింటే ఉండేదాన్నేమో" అంది. వాళ్ల నాయనని ఎక్కడ పెట్టారని అడిగాం. సొంత చేలో, వేపచెట్టు కింద అని చెప్పింది. చేను అరెకరమే, అందులో ఆ జాగా ఇప్పుడు దున్నరు.

ఇప్పుడు మిషన్ని మానెయ్యలేదు. గులాబీలు, ఫార్వర్డులు అది ఏరి పారేస్తుంది. ఏం వదిలేసిందో జాబితా రోజూ ఇస్తుంది, అడిగాం కాబట్టి. మిగతాది వంతులేసుకుని చదువుతున్నాం. గొంతులు వినడానికి ఇద్దరు ఖాలాలు కూర్చుంటున్నారు. పెద్దలం ఎనిమిది మందిమయ్యాం. కాయితంలో చివరి రెండు లైన్లు కొట్టేశాం. కొట్టేశాక గ్రూపులో రోజూ గొడవే. నిన్న రాత్రి ఒంటిగంట దాకా కబరస్తాన్ కమిటీల మీద కొట్టుకున్నారు. చదివి చదివి కళ్లు మండుతున్నాయి.

ఈ సంకలనానికి రాయమన్నప్పుడు ఆమెకి మళ్లీ ఫోన్ చేశాం. నువ్వు రాసిన నాలుగు పేజీలు ఇందులో వేద్దామా అని. ఆలోచించి చెప్తానంది. మూడో రోజు చెప్పింది. "వేస్తే అంతా వెయ్యండి. యాడా కోయొద్దు. తురకోళ్లు అన్న మాట కూడా తియ్యొద్దు."

సంపాదకులు ఒక్కొక్కరికి ఐదు పేజీలకి మించి ఇవ్వలేమన్నారు. మా పేజీలు తగ్గించి ఆమెవి వెయ్యమని ఉత్తరం రాశాం. జవాబు రావాలి.